నాగలాంబ కుమారుడు: శ్రీకృష్ణదేవరాయల జన్మవివాదం – శాసన, కావ్య సాక్ష్యాల పునఃపరిశీలన

ప్రస్తావన

శ్రీకృష్ణదేవరాయలు (పాలన: 1509–1529) తుళువ నరసనాయకునికి ధర్మపత్ని వల్ల కాక దాసి వల్ల పుట్టినవాడన్న మాట తెలుగుదేశపు జనశ్రుతిలో చాలాకాలంగా ఉంది. గజపతి కుమార్తె ఆయనను దాసీపుత్రుడని ఈసడించిందనీ, అందువల్లనే ఆ దాంపత్యం చెడిందనీ చెప్పే కథలు ఈ మాటకు ఊతమిచ్చాయి. ఆమె పేర ప్రచారంలో ఉన్న సంస్కృత శ్లోకాలు ‘తుక్కాపంచకం’గా ప్రసిద్ధం. కంభం చెరువును ఆమెయే కట్టించిందన్న స్థానిక విశ్వాసం కూడా ఈ కథావలయంలోనిదే.

ఈ విషయంలో సాహిత్య విమర్శ సాధారణంగా రెండు మార్గాలు తొక్కింది. ఒకటి, రాయల కీర్తికి భంగమని ఈ మాటను ప్రస్తావించకుండా వదలివేయడం. రెండవది, నీచజన్మను జయించిన మహాపురుషుడని దానినే ఘనతగా చెప్పడం. రెంటిలోనూ నాగలాంబ దాసి అన్నది పరీక్షకు రాకుండానే మిగిలిపోయింది. ఆమె స్థానం గురించి సమకాలిక సాక్ష్యాలు ఏమి చెబుతున్నాయి, రాజ్యార్హతను ఆనాడు తల్లి స్థానమే నిర్ణయించిందా, తన అర్హతను రాయల కావ్యం ఏ ఆధారం మీద నిలిపింది అనే మూడు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మూడవ ప్రశ్న మనలను దిగువ కృష్ణా డెల్టాకు, దివిసీమ ఎగువన కృష్ణ ఎడమ గట్టున ఉన్న శ్రీకాకుళానికి తీసుకువెళుతుంది.

శాసనాలలో నాగలాదేవి

రాయల పట్టాభిషేక కాలానికి చెందిన హంపీ విరూపాక్షాలయ శాసనంలో తుళువ వంశవర్ణన ఉంది. తిమ్మరాజు, అతని భార్య దేవకి. వారి కుమారుడు ఈశ్వరుడు, అతని భార్య బుక్కమ. వారి కుమారుడు నరసనాయకుడు. నరసనికి తిప్పాజీ, నాగలాదేవి అనే ఇద్దరు దేవుల వల్ల, దశరథునికి కౌసల్యా సుమిత్రల వల్ల రామలక్ష్మణులు కలిగినట్లుగా, వీరనరసింహుడూ కృష్ణరాయలూ కలిగారని ఆ శ్లోకాల భావం. తరువాతి తుళువ శాసనాలలో ఇవే శ్లోకాలు పదేపదే కనిపిస్తాయి.

ఇక్కడ రెండు అంశాలు గమనింపదగినవి. మొదటిది, నాగలకు ‘దేవి’ పదం తిప్పాజీతో సమానంగా వర్తించడం. సుమిత్ర దశరథుని అగ్నిసాక్షిక పత్ని. ఆమెతో పోల్చడంలో చిన్న భార్య అన్న అర్థం ఉందే కాని దాసి అన్న అర్థానికి చోటు లేదు. రెండవది, ఉపమాన నిర్ణయంలో చూపిన జాగ్రత్త. సవతి కొడుకు సింహాసనానికి వచ్చిన సందర్భానికి రామాయణంలో దగ్గరి ఉదాహరణ భరతుడు. కాని అతని తల్లి కైకేయి కొడుకు కోసం రాజ్యాన్ని అడిగిన స్త్రీ. శాసనకవి ఆమెను తప్పించి సుమిత్రను ఎన్నుకొన్నాడు. లక్ష్మణుడు అన్న వెంట నడిచినవాడే కాని అన్న రాజ్యాన్ని కోరినవాడు కాడు. అన్న తరువాత, అన్న కొడుకును కాదని సింహాసనమెక్కిన రాజుకు ఈ పోలిక అమర్చడంలో ఒక రాజకీయ ప్రయోజనం ఉంది. అంటే, శాసనకవిని జాగ్రత్తపడేటట్లు చేసింది వారసత్వ క్రమమే కాని తల్లి కులశీలాలు కావు.

రాజు తల్లిని ప్రశస్తి గౌరవించడం సహజమేననీ, కాబట్టి దాసిని సైతం దేవిగా చెప్పి ఉండవచ్చుననీ ఇక్కడ ఆక్షేపణ రావచ్చు. ఇది తోసివేయదగిన ఆక్షేపణ కాదు. అయితే రాయల అనంతరం రాజ్యానికి వచ్చిన అచ్యుతదేవరాయలు (1529–1542) నాగలాంబ కొడుకు కాడు. నరసనాయకుని మరొక భార్య ఓబాంబిక కుమారుడు. ఆయన 1540 నాటి ఊనమాంజేరి తామ్రశాసనంలో తిప్పాజీ నాగలాదేవుల శ్లోకం మార్పు లేకుండా ఉంది. ఓబాంబిక, ఆమె కుమారులు రంగ అచ్యుతుల ప్రస్తావన దాని తరువాత చేరింది. సదాశివరాయల 1556 నాటి తామ్రశాసనంలోనూ ఇదే వరుస. సవతి కుమారుని ఆస్థానానికి నాగలాంబ స్థానాన్ని పెంచి చెప్పవలసిన అవసరం లేదు. పైగా తగ్గించి చెప్పడమే దానికి లాభం. అయినా తగ్గించలేదు. ప్రశస్తి తనంత తానుగా ప్రమాణం కాకపోవచ్చు కాని, ఎదుటి పక్షం సైతం మార్చని ప్రశస్తికి ప్రామాణ్యం ఎక్కువ.

దీనికి తోడు 1516 నాటి సింహాచల శాసనం ఉంది. కళింగ దండయాత్రలో సింహాద్రినాథుని దర్శించిన రాయలు తల్లి నాగలాదేవికీ తండ్రి నరసనాయకునికీ పుణ్యంగా స్వామికి ఆభరణాలు సమర్పించినట్లు ఆ తెలుగు శాసనం చెబుతుంది. సింహాచలం అప్పటికి గజపతుల ఏలుబడిలోని క్షేత్రం. తల్లి పేరు మరుగుపరచవలసినదే అయితే, శత్రురాజుల ఆరాధ్య దైవం ముంగిట దానిని శిలమీద చెక్కించడం పొసగదు.

‘దాసి’ అనే మాట వ్యాప్తి

ధర్మశాస్త్రంలో దాసీపుత్రుడు ఒక నిర్దిష్టమైన వ్యవహార పదం. శూద్రునికి దాసి యందు పుట్టిన కొడుకు తండ్రి ఇష్టాన్ని బట్టి భాగం పొందవచ్చునని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది. ఆ స్మృతి వ్యాఖ్య అయిన మితాక్షరను 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు చేయడం వల్ల ఈ దాయభాగ విచారం తెలుగులోనూ పరిచితమే. అంతఃపుర వ్యవహారంలో దాసి, భోగిని, దేవి అనేవి వేరువేరు స్థానాలు. పోతన పేర ఉన్న ‘భోగినీ దండకము’ శీర్షికయే మధ్యనున్న స్థానానికి గుర్తు. జనశ్రుతి ఈ భేదాలను పాటించదు. పట్టమహిషి కాని ప్రతి స్త్రీనీ అది దాసిగానే లెక్కిస్తుంది. నాగలాంబ విషయంలో ‘చిన్నభార్య’ అన్నది ‘దాసి’గా జారిపోవడానికి ఈ సాంకర్యమే తగిన మార్గం.

విదేశీయుల సాక్ష్యం

పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూశాడు. గుర్రాల వ్యాపారి ఫెర్నావో నూనిజ్ అచ్యుతరాయల కాలంలో తన వృత్తాంతం రాశాడు. ఇద్దరికీ రాయల వంశాన్ని పొగడవలసిన పని లేదు. నూనిజ్ నరసనాయకునికి ఐదుగురు కుమారులని చెప్పి, కృష్ణరాయలను వారిలో ఒకనిగానే పేర్కొంటాడు. మరణశయ్య మీది వీరనరసింహుడు తన ఎనిమిదేళ్ల కొడుకు రాజు కావాలని, తమ్ముని కళ్లు తీయించమని మంత్రి సాళువ తిమ్మరుసును ఆజ్ఞాపించాడనీ, తిమ్మరుసు మేక కళ్లు చూపి కృష్ణరాయలను కాపాడాడనీ అతడు చెప్పిన కథ సుప్రసిద్ధం. రాజైన వెంటనే రాయలు అన్నకొడుకునూ సోదరులనూ చంద్రగిరి దుర్గంలో నిర్బంధించాడని కూడా అతడు రాశాడు.

కథలోని వివరాలను అలాగే నమ్మనవసరం లేదు. గమనించవలసినది దాని తర్కం. కృష్ణరాయలు దాసీపుత్రుడై అందువల్ల అనర్హుడే అయి ఉంటే, అతనిని తప్పించడానికి కళ్లు పెరికించే పని లేదు. అంగవైకల్యం కలిగిస్తే తప్ప అతని హక్కు పోదన్న భావన మీదనే ఆ కథ నడుస్తున్నది. సోదరులను చెరలో ఉంచవలసి రావడం కూడా అందరికీ సమానమైన హక్కు ఉందన్న భయాన్నే తెలుపుతుంది.

పాయెస్ చెప్పినది మరింత సూటి అయినది. రాజుకు పన్నెండుగురు ధర్మపత్నులు. వారిలో ముగ్గురు ముఖ్యులు. ఆ ముగ్గురి కుమారులకే వారసత్వం. అయితే ఒకే కొడుకు ఉన్నట్లయితే అతడు ఎవరి కొడుకైనా వారసుడే. ఇది అతని కథన సారాంశం. ఆ ముగ్గురిలో ఒకరు గజపతి కుమార్తె, ఒకరు శ్రీరంగపట్టణ ప్రభువు కుమార్తె. మూడవ ఆమె రాజు యౌవనంలో వలచిన వేశ్య. రాజైతే పెళ్లాడుతానన్న మాట ప్రకారం ఆయన ఆమెను భార్యగా స్వీకరించాడట. నూనిజ్ ఆమె పేరును చిన్నాదేవిగా గుర్తించదగిన రీతిలో ఇచ్చాడు. సింహాచల శాసనంలో తిరుమలదేవితో పాటు చిన్నాదేవి దానమూ నమోదైంది. తిరుమల ఆలయంలో రాయల విగ్రహానికి ఇరువైపులా ఈ ఇద్దరు దేవేరుల విగ్రహాలు నేటికీ ఉన్నాయి. వేశ్యగా జీవితం మొదలుపెట్టిన స్త్రీ ‘దేవి’ కాగలిగిన, ఆమె సంతానం వారసులు కాగలిగిన అంతఃపురం అది. ఆ వ్యవస్థలో ఔరసానౌరస భేదం జన్మతో ముగిసేది కాదు. రాజు స్వీకారంతో మారేది.

యయాతి వంశం, దేవయాని పేరు

తుళువులు చంద్రవంశంలో యయాతి కుమారుడైన తుర్వసుని తమ మూలపురుషునిగా చెప్పుకొన్నారు. శాసన శ్లోకం యయాతిని దేవయానీపతిగా విశేషించి తుర్వసుని కీర్తిస్తుంది. మనుచరిత్ర, ఆముక్తమాల్యదల వంశవర్ణనలు కూడా తుర్వసుని మీదుగానే సాగుతాయి.

నన్నయ ఆదిపర్వం చదివినవారికి ఇది ఆలోచన కలిగించే ఎన్నిక. యయాతికి రాణి దేవయాని వల్ల యదు తుర్వసులు, ఆమెకు దాసియైన శర్మిష్ఠ వల్ల ద్రుహ్యుడు, అనువు, పూరువు కలిగారు. తండ్రి ముసలితనాన్ని స్వీకరించి రాజ్యం పొందినవాడు దాసి కొడుకైన పూరువు. రాణి కొడుకైన తుర్వసుడు తండ్రి శాపానికి గురై రాజ్యం కోల్పోయాడు. కురువంశమంతా శర్మిష్ఠ సంతతియే. దాసీపుత్రుడైన రాజుకు గౌరవప్రదమైన పౌరాణిక పూర్వరూపం కావలసి ఉంటే పూరువు సిద్ధంగా ఉన్నాడు. తుళువ ఆస్థానం అతనిని గ్రహించలేదు. శాపగ్రస్తుడైనా రాణి కొడుకునే గ్రహించింది. ఈ ఎన్నిక కృష్ణరాయల పుట్టుకను ఉద్దేశించి చేసినదని చెప్పడానికి వీలు లేదు. అది వంశమంతటికీ వర్తించే కల్పన. 1505లో సాళువ ఇమ్మడి నరసింహుని తొలగించి రాజ్యానికి వచ్చిన సేనాపతుల కుటుంబానికి ప్రాచీన క్షత్రియత్వం అవసరమైంది. అనగా, జన్మను సమర్థించుకోవలసిన అవసరం వ్యక్తిగా కృష్ణరాయలది కాదు, మొత్తం తుళువ వంశానిది.

గజపతుల కోణం

దాసీపుత్ర కథ గజపతి కన్య నోట వినిపించడం యాదృచ్ఛికం కాదు. 1515లో కొండవీడు పట్టుబడినప్పుడు ప్రతాపరుద్ర గజపతి కుమారుడు వీరభద్రుడు రాయలకు చిక్కాడు. రాజరక్తం లేనివానితో కత్తి కలపమన్నందుకు అవమానపడి గజపతి కుమారుడు ప్రాణం తీసుకొన్నాడని నూనిజ్ చెప్పిన కథలోనూ ఇదే ధోరణి ఉంది. తుళువుల ముందు గజపతులు తమను శుద్ధ రాజవంశీయులుగా భావించుకొన్నారన్న ప్రతీతి ఆ కాలంలోనే ఉండేదని దీనివల్ల తెలుస్తుంది.

అయితే గజపతుల చరిత్ర దీనికి భిన్నమైనది కాదు. కపిలేంద్రుడు గంగవంశం నుండి రాజ్యం చేజిక్కించుకొన్నవాడు. అతని తరువాత పెద్ద కుమారుడు హంవీరుడుండగా పురుషోత్తముడు సింహాసనమెక్కాడు. జగన్నాథుని ఆజ్ఞ వల్లనే అతడు ఎన్నికయ్యాడని ఒరియా సంప్రదాయం. ఆ పురుషోత్తముని కుమారుడే ప్రతాపరుద్రుడు. వారసత్వ క్రమం తప్పినప్పుడు దైవాజ్ఞను ప్రమాణంగా చూపడం ఆ వంశానికీ అలవాటే. తుళువులూ గజపతులూ ఎదురెదురుగా నిలిచిన సరిహద్దు కృష్ణానది. రాయల వైపు నుండి వచ్చిన దైవాజ్ఞ కథ కూడా ఆ నది ఒడ్డుదే కావడం అందువల్ల పరిశీలింపదగినది.

డెల్టాలో ద్వైమాతుర సంప్రదాయం

ఆ కథలోకి వెళ్లే ముందు ఈ ప్రాంతపు పూర్వచరిత్రను స్మరించాలి. సవతి కొడుకుల సమస్య కృష్ణా డెల్టాకు కొత్తది కాదు. వేంగి చాళుక్యుల తామ్రశాసనాలలో కొన్ని మచిలీపట్నం శాసనాలుగా ప్రసిద్ధాలు. వాటి కాలంలో గుడివాడ ప్రాంతం గుద్రవార విషయం. ఆ వంశపు శాసనాలలో సవతి సోదరునికి ‘ద్వైమాతురుడు’ అన్న నిందాగంధం లేని పదం ఉంది. 945లో పన్నెండేళ్ల అమ్మరాజు (రెండవ) పట్టాభిషిక్తుడైనప్పుడు అతని సవతి అన్న దానార్ణవుడు రాజ్యానికి దూరమయ్యాడు. తరువాత దానార్ణవుడూ రాజయ్యాడు. అతని మనుమడే నన్నయను ఆదరించిన రాజరాజనరేంద్రుడు. ఆ రాజరాజు కూడా సవతి తమ్ముడు విజయాదిత్యునితో జీవితకాలం పోరాడవలసి వచ్చింది. మొదట పక్కన పెట్టబడిన ద్వైమాతురుని శాఖలోనే ఆంధ్రమహాభారతం అవతరించింది. తల్లులు వేరు కావడాన్ని దాచకుండా, నిందించకుండా నమోదు చేయగల పరిభాష తెలుగునేల మీద ఐదు శతాబ్దాల ముందే ఉండగా, జనశ్రుతి ‘దాసి’ అన్న మాటను ఎన్నుకొన్నది.

శ్రీకాకుళ స్వప్నం

ఆముక్తమాల్యద అవతారికలో రాయలు కళింగ దండయాత్రకు వెళుతూ విజయవాడలో కొన్నాళ్లు ఆగి, శ్రీకాకుళానికి వెళ్లి ఆంధ్రవిష్ణువును సేవించి, ఏకాదశి ఉపవాసమున్నాడు. ఆ రాత్రి నాలుగవ జామున స్వామి కలలో కనిపించి, సంస్కృతంలో ‘మదాలసాచరిత్ర’ మొదలైనవి రచించిన రాజును తెలుగులో గోదాకల్యాణ కథ రాయమని, దానిని వేంకటేశ్వరునికి అంకితమీయమని ఆదేశించాడు. తెలుగు భాషాగౌరవానికి ప్రమాణంగా ఈ ఘట్టం ఎన్నో వ్యాసాలలో చర్చకు వచ్చింది. రాజ్యార్హత దృష్టితో చూసినప్పుడు అందులో మరొక అంశం తెలుస్తుంది.

తొలి ఆశ్వాసంలోనే రెండు ప్రమాణాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి చంద్రుని నుండి నరసనాయకుని వరకు వచ్చిన వంశక్రమం. ఆముక్తమాల్యదలోని వంశస్తుతి పద్యాలలో అనేకం మనుచరిత్రలోనివే కావడం విమర్శకులు ఎప్పుడో గుర్తించారు. అంటే జన్మప్రమాణం ఆస్థాన కవులకు ఉమ్మడి సొత్తు, అరువు తేదగినది. రెండవది స్వప్నం. అది ఈ కావ్యానికి మాత్రమే చెందినది. ఆంధ్ర రాజ్యానికి ఆదిప్రభువని సంప్రదాయం కొలిచే దైవం రాజును స్వయంగా పిలిచి పని అప్పగించడం అందులోని విషయం. తండ్రి ఇచ్చినదాని కన్నా దైవం ఎన్నుకొన్నదే ఇక్కడ రాజుకు సొంతం.

ఈ స్వప్నస్థానానికి రాజకీయ విశేషం కూడా ఉంది. సంధి తరువాత కృష్ణకు ఉత్తరాన గెలిచిన భూమిని రాయలు గజపతికి తిరిగి ఇచ్చాడని నూనిజ్ రాశాడు. ఎడమ గట్టున ఉన్న శ్రీకాకుళం ఆ లెక్కన వదులుకొన్న భూమిలోనిది. భూమి వదులుకొన్నా, అక్కడి దేవుని ఆజ్ఞను రాయలు కావ్యంలో తనదిగా నిలుపుకొన్నాడు. జగన్నాథుని ఆజ్ఞతో రాజ్యం చేసిన వంశానికి ఎదురుగా ఆంధ్రవిష్ణువు ఆజ్ఞను నిలిపిన కావ్యంగా ఆముక్తమాల్యదను చదవడానికి ఇక్కడ అవకాశముంది.

కావ్యవస్తువు కూడా ఈ దృష్టికి విరుద్ధం కాదు. గోద తులసీవనంలో దొరికిన శిశువు. ఆమె తల్లిదండ్రుల ప్రస్తావన లేకుండానే శ్రీరంగనాథుడు ఆమెను వరిస్తాడు. ఆరవ ఆశ్వాసంలోని మాలదాసరి తన భక్తి బలంతో బ్రహ్మరాక్షసునికి విముక్తి కలిగిస్తాడు. ఈ కథలు శ్రీవైష్ణవ సంప్రదాయం నుండి వచ్చినవి. కాబట్టి వీటిని రాయల ఆత్మకథాంశాలుగా వ్యాఖ్యానించడం తొందరపాటు. కాని జన్మ కన్నా అనుగ్రహం గొప్పదన్న సిద్ధాంతాన్ని ఆ రాజు తన ప్రధాన కావ్యానికి వస్తువుగా ఎన్నుకొన్నాడన్నది వాస్తవం.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. నాగలాంబ నరసనాయకుని ధర్మపత్నులలో ఒకరని రాయల శాసనాలే కాక, సవతి కుమారుడైన అచ్యుతరాయల శాసనమూ చెబుతున్నది. కృష్ణరాయలకు వారసత్వ సంఘర్షణ ఎదురైన మాట నిజం. అది అన్న కొడుకుతోనూ సోదరులతోనూ వచ్చినది, తల్లి స్థానం వల్ల వచ్చినది కాదు. విజయనగర అంతఃపురంలో భార్యాస్థానం రాజు స్వీకారాన్ని బట్టి ఏర్పడిందని పాయెస్ సాక్ష్యం తెలుపుతుంది. దాసీపుత్ర వాదం చిన్నభార్యకూ దాసికీ భేదం పాటించని జనశ్రుతి నుండి, తుళువ గజపతుల వైరస్మృతి నుండి రూపొందినదని భావించడం సమంజసం.

ఈ నిర్ణయం వల్ల రాయల గౌరవం పెరిగిందని భావించనవసరం లేదు. అలా భావిస్తే దాసి కడుపున పుట్టడం కళంకమన్న జనశ్రుతి ప్రమేయాన్నే మనమూ అంగీకరించినట్లవుతుంది. శర్మిష్ఠ కొడుకు వంశంలో భారతకథ నడిచిందని చదువుకొన్న సాహిత్యానికి ఆ ప్రమేయం అవసరం లేదు. సరిదిద్దవలసినది నాగలాంబ విషయంలో జరిగిన పొరపాటు. సింహాచలంలో కొడుకు తన పేరుతో పాటు శిలమీద నిలిపిన ఆ పేరును, ఆధారం లేని విశేషణం చేర్చకుండా, శాసనాలు రాసినట్లుగానే నాగలాదేవి అని రాయడం మన సాహిత్య చరిత్రల కర్తవ్యం. ప్రబంధాల అవతారికలను కేవల స్తుతిభాగాలుగా దాటవేయక, ఏ తల్లి పేరు, ఏ మూలపురుషుడు, ఏ దైవం అన్న ఎన్నికల దృష్టితో శాసనాలతో కలిపి చదివితే, ఇతర రాజవంశాల విషయంలోనూ ఇటువంటి ఫలితాలు లభించగలవు.